సుంకులమ్మ తాగిన ఏనుగు సీసా

ఏనుగు సీసాను పగలగొట్టాలని హనుమంతమ్మకు ఎన్నిసార్లు అనిపించిందో చెప్పలేం. చాలాకాలం దాకా ఒక్కసారి కూడా పగలగొట్టలేదు. ఆ సీసా సుంకులమ్మ ముందర ఉండేది. దేవత ముందర పెట్టినదాన్ని కాలితో తన్నే తెగువ ఆలూరు పక్క పల్లెలో పుట్టిన ఆడదానికి అంత సులువుగా రాదు. ఆ సీసా అమ్మేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. వాడి వ్యాపారమంతా దాని మీదే నడిచింది.

సీసాకు ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద తొండం ఎత్తిన ఏనుగు, ఏనుగు కింద ‘శ్రీ గజబల రసాయనం’ అని లావు అక్షరాలు. లోపల నల్లటి తియ్యటి నీళ్లు. మూత తీస్తే లవంగమూ పులిసిన బెల్లమూ కలిసిన వాసన. కడపలో ఎవరో వైద్యుడి పేరు మీద తయారయ్యేది. నలభై మూలికలు కలిపామని కాగితం చెప్పేది. ఆ నలభైలో కరక్కాయ ఎంతో అశ్వగంధ ఎంతో ఎవరికీ తెలియదు గానీ, తాగినవాడి కాళ్లు తడబడేది మూలికల వల్ల కాదని మాత్రం బేతంచెర్ల గనుల్లో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. తెలిసినా పైకి అనరు. కల్లు దుకాణాలు మూతపడి ఏళ్లయింది. కల్లు తాగితే పోలీసు పట్టుకుంటాడు. ఏనుగు సీసా మందు. మందు తాగేవాణ్ణి ఏ చట్టం కింద పట్టుకోవాలి?

హనుమంతమ్మ, ఆమె మొగుడు శివన్న, వాళ్ల ఊరి నుంచి మరో ఇరవై ఇళ్ల వాళ్లు కరువు ఏడు బేతంచెర్లకు వచ్చారు. దానికి ముందు మూడు నెలలు సర్కారు గంజి కేంద్రం ముందు నిలబడ్డారు. హనుమంతమ్మ గిన్నె అంతకు ముందే అమ్ముడుపోయింది. మోదుగాకు దొప్పలో పోయించుకునేది. ఒకరోజు దొప్ప చిరిగి కాగే గంజి అరచేతిలోకి కారింది. చెయ్యి విదిలిస్తే గంజి నేలపాలు. మళ్లీ పొయ్యరు. ఆమె విదిలించలేదు. నడుచుకుంటూ పోయి చెట్టు కింద కూర్చున్న అత్త నోటికి ఆ చెయ్యి ఆనించింది. ఆ అత్త ఇంకో నెల బతికింది.

బేతంచెర్లలో పని దొరికింది. కర్నూలు కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది కదా, ఆఫీసులు కావాలి, ఆఫీసులకు నేల కావాలి, నేలకు నాపబండలు కావాలి. గని నరసింహారెడ్డిది. మేస్త్రీ పెద్ద ఈరన్న శివన్నకు పెదనాన్న కొడుకు. శివన్న ఒక్క ఏడాదిలో చీలలు కొట్టే పనిలో అందరినీ దాటిపోయాడు. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర అంచున వరుసగా ఇనుప చీలలు నిలిపి, ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోవాలి. అన్ని దెబ్బలూ ఒకే బరువుతో పడాలి. ఒకటి గట్టిగా పడిందా, బండ అడ్డంగా చీలి రెండు ముక్కలవుతుంది. శివన్న చెవి పెట్టి రాయి మోత వింటూ కొట్టేవాడు. ఆరడుగుల బండ అప్పడంలా లేచి వచ్చేది. చూడడానికి పక్క గనుల వాళ్లు వచ్చేవాళ్లు.

వాళ్లు ఊరి నుంచి బట్టల మూటలతో పాటు సుంకులమ్మను కూడా తెచ్చుకున్నారు. మూరెడు ఎత్తు రాయి, దానికి పసుపు, రెండు వెండి కళ్లు. గని గట్టున నిలిపారు. సుంకులమ్మ హనుమంతమ్మ మీదికి వచ్చేది. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టి పద్నాలుగేళ్లుగా, ఏడాదికి ఒక్క పొద్దు. అరికాళ్లు చల్లబడేవి. ఆ చలి మోకాళ్ల దాకా పాకేది. ఆ తర్వాత ఆమెకు ఏమీ తెలియదు. తెలివి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి, జుట్టు విరబోసుకుని ఎవరి ఒళ్లోనో ఉండేది. తల్లి వచ్చింది నిజమా కాదా అని చూడడానికి ఊరి పెద్ద ఆమె ఎడమ అరచేతిలో కర్పూరం వెలిగించేవాడు. పద్నాలుగేళ్లలో ఒక్క బొబ్బ రాలేదు.

వానలు వెళ్లి గనిలో నీళ్లు తోడేశాక, కొత్త పొర మీద మొదటి చీల కొట్టే మంగళవారం తల్లికి సాక పోయాలి. సాక అంటే ఈతకల్లు. తల్లి ముందర ధారగా పోస్తారు, ఆమె వచ్చినప్పుడు ఆమె నోట్లో పోస్తారు, మిగిలింది తలా ఒక గుక్క తాగుతారు. కల్లు ముట్టని వాడైనా ఆ ఒక్క గుక్క తాగాల్సిందే. కాదంటే తల్లిని కాదన్నట్టు. ఊళ్లో అయితే దొంగచాటుగా ముంతెడు దొరికేది. ఇక్కడ స్టేషను పక్కనే పోలీసులు. మొదటి ఏడు మజ్జిగ పోశారు. పది రోజులు తిరగకుండా గోపన్న అనేవాడి మీద బండ జారి పడింది. వాణ్ణి బండ కిందనుంచి తీసేసరికి ఊపిరి లేదు.

గోపన్న నిలబడకూడని చోట నిలబడ్డాడు. అది అందరూ చూశారు. అయినా తప్పు మజ్జిగ మీదికి పోయింది.

రెండో ఏడు శివన్నే ఆలోచన చెప్పాడు. కల్లు కాదు, చట్టానికి తప్పు కాదు, కానీ ఘాటుంది, నురుగుంది, తాగితే ఒళ్లు వేడెక్కుతుంది. ఏనుగు సీసా పోద్దాం. శివన్న అంతవరకు దాన్ని రుచి కూడా చూడలేదు. కల్లు కూడా ముట్టనివాడు. తల్లికి లోటు రాకూడదు, గనిలో మనిషి చావకూడదు, అంతే వాడి మనసులో ఉంది. పోశారు. హనుమంతమ్మ మీదికి తల్లి వచ్చింది, సీసా ఎత్తి గటగటా తాగింది, ‘ఇంకా పొయ్యండిరా’ అంది. అన్నదని అందరూ చెప్పారు. హనుమంతమ్మకు తెలియదు. నోరు మాత్రం రెండు రోజులు చేదుగా ఉండింది.

ఆ ఏడు గనిలో ఎవరూ చావలేదు. అంతే. చుట్టుపక్కల గనులన్నీ ఏనుగు సీసా పట్టాయి.

సీసాలు అమ్మేవాడు కడప ఓబులేసు. మద్యనిషేధం రాకముందు కల్లు దుకాణంలో ముంతలు కొలిచినవాడు. దుకాణం పోయాక కోటు తొడుక్కుని టానిక్కు ఏజెంటు అయ్యాడు. కొలిచే చెయ్యి మాత్రం మారలేదు. సైకిలు వెనక చెక్కపెట్టె కట్టుకుని మధ్యాహ్నం బువ్వ వేళకు గని గట్టుకు వచ్చేవాడు.

“ఏమప్పా, అట్ల సొమ్మసిల్లి కూచుంటే బండలు వాటంతట అవే లేస్తాయా? రంగూన్ల రేవులో మూటలు మోసే మనోళ్లు ఏం తాగుతారనుకుంటిరి? సింగపూర్ల, చీనా దేశంల, ప్రతి కూలీ చంకలో ఇట్లాటి సీసానే. ఆడ వాళ్లది ఏదో వేరు నానబెట్టింది. మనది ఏనుగు. ఆసియా ఖండమంతా దీని మీదనే నిలబడుండాది.”

“మా మామ రంగూన్ల పదేండ్లుండె,” అన్నాడు నరసన్న అనే ముసలి కూలీ. “వచ్చేతప్పుడు దగ్గు తెచ్చుకున్యాడు గానీ సీసా తేల్యా.”

“సీసా తాగకనే దగ్గు వచ్చింది, తాతా.”

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లే కొన్నారు. ఓబులేసుకు ఎవరినీ నమ్మించాల్సిన పని లేదు. వాళ్లకు కావలసింది ఒక సాకు. అది వాడి పెట్టెలో ఉండేది, ఏనుగు బొమ్మతో. బాలింతకు బలమన్నారు. ఆకలి లేనివాడికి ఆకలి, ఆకలి ఉండి తిండి లేనివాడికి ఆకలి చావడం, రెండూ ఒకే సీసాలో ఉన్నాయన్నారు. పక్క గుడిసె హులిగెమ్మ పనిలోకి పోయేముందు చంటిబిడ్డకు చెంచాడు పట్టేది. బిడ్డ సాయంత్రం దాకా కదలకుండా పండుకునేది. “మంచి మందక్కా, ఏడుపే లేదు,” అనేది. హనుమంతమ్మ ఆ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చేది, రోజుకు రెండుసార్లు.

సాక నాటి ఆ గుక్క తర్వాత శివన్న రోజూ పొద్దున తల్లి రాయి ముందర ఒక చుక్క వదిలేవాడు. మిగతా సీసా తాగేవాడు. మొదట్లో వారానికి ఒకటి. తర్వాత రెండు రోజులకు ఒకటి. మూడో ఏడు వానలు వెళ్లేసరికి రోజుకు ఒకటి. సంగటి సగం ముద్ద దగ్గర ఆపేసేవాడు. పొద్దున్నే సీసా పడకపోతే చేతులు వణికేవి. పడ్డాక కాసేపు ఆగేవి, మధ్యాహ్నానికి మళ్లీ వణికేవి.

ఒక రోజు కర్నూలు ఆఫీసు వరండాకని ఆరు అడుగుల బండ లేపుతున్నారు. పన్నెండు చీలలు. హనుమంతమ్మ మట్టి తట్టతో గట్టెక్కుతూ మోత వింటోంది. పద్నాలుగేళ్లు ఆ మనిషితో కాపురం చేసింది, ఆ సుత్తి ఎట్లా మోగాలో ఆమెకు తెలుసు. ఏడో చీల మీద దెబ్బ తప్పుగా పడింది. ఆమె ఆగిపోయింది. బండ అడ్డంగా, తిన్నగా గీత గీసినట్టు చీలింది.

పెద్ద ఈరన్న ఎగిరి తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

“ఇది మూడోది శివన్నా,” అన్నాడు. “రెడ్డికి తెలీకుండా రెండు దాచినా. ఇంగ దాచలేను. సాక పండగ పోనీ. కొత్త పొర మీద నీ చెయ్యి చూస్తా. అప్పుడు గూడా వణికిందంటే సుత్తి ఆడ పెట్టి తట్ట ఎత్తుకో.”

చీలలు కొట్టేవాడు తట్ట ఎత్తుకోవడమంటే ఏమిటో గనిలో అందరికీ తెలుసు. అది కూలి తగ్గడం ఒక్కటే కాదు. వాడు మళ్లీ సుత్తి పట్టడు. తట్టలు మోసే మగవాళ్లు ఆ గనిలో నలుగురున్నారు. నలుగురూ ఒకప్పుడు చీలలు కొట్టినవాళ్లే. నలుగురి పక్కనా సీసా ఉంటుంది.

ఆ పొద్దు గుడిసెలో హనుమంతమ్మ మొగుడి ముందర సంగటి పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“అది మానెయ్,” అంది.

“నేను తాగుతాండానా? తల్లి తాగినంక మిగిలింది నోట్లో పోసుకుంటాండా.”

“తల్లి ఏడాదికి ఒగ పొద్దు తాగుతాది. నువ్వు రోజూ తాగుతాండావు.”

“రోజూ సాక పోస్తాండా గదమ్మే.”

“చుక్క ఆమెకు, సీసా నీకు. భలే సాక.”

శివన్నకు కోపం రాలేదు. వాడు నిజంగానే నమ్మినట్టు మాట్లాడాడు. “ఈ పొద్దు నేను పొయ్యను, రేపు గనిలో ఎవడో చస్తాడు. గోపన్న పెండ్లాం మొగం నువ్వు చూసినావు గదా. నేను చూసినా. తల్లి వద్దంటే మానేస్తా. ఆ పొద్దే మానేస్తా. తల్లి నోటితో అనాల. నీ నోటితో కాదు.”

“తల్లికి ఉండే నోరు నాదే గదప్పా.”

“అది నీదని నువ్వు ఎప్పుడైనా అనుకున్యావా?”

హనుమంతమ్మ ఎప్పుడూ అనుకోలేదు. పద్నాలుగేళ్లలో ఆ నోటితో ఏం మాట్లాడిందో ఒక్క ముక్క ఆమెకు తెలియదు. ఇళ్లు నిలబెట్టింది, పెళ్లిళ్లు ఆపింది, దొంగల పేర్లు చెప్పింది అని తర్వాత జనం చెబితే విన్నది. ఏనుగు సీసా ఇంకా పొయ్యమన్నది కూడా ఆ నోరే. తన మొగుడి చేతిలో ఆ సీసా పెట్టింది తనే కావచ్చు. ఆ సంగతి ఆమెకు రాయి మింగినట్టు ఉండేది.

పండగ మూడు రోజులుందనగా ఓబులేసు గుడిసెకు వచ్చాడు. చేతిలో ఎర్ర చీర, పైన ఒక సీసా.

“అక్కా, మంగళవారం కర్నూలు నుంచి ఫోటో పట్టేవాణ్ణి పిలిపిస్తాండా. తల్లి నీ మీదికి వచ్చినప్పుడు సీసా నీ చేతిలో ఉండాల. క్యాలెండరు అచ్చేస్తాం. ‘సుంకులమ్మ మెచ్చిన గజబలం’ అని. ఈ పక్క గుంతకల్లు దాకా, ఆ పక్క నంద్యాల దాకా ప్రతి అంగట్లో నీ బొమ్మే.”

“నా బొమ్మ ఏంటికప్పా. నువ్వే సీసా పట్టుకోని నిలబడు. కోటు గూడా ఉండాది.”

“నన్ను జూసి ఎవరు కొంటారక్కా.” వాడు నవ్వాడు. “ఇంగొక మాట. పోయినసారి ‘ఇంకా పొయ్యండి’ అన్యావు, బాగుండాది. ఈసారి ‘ఏనుగు సీసా లేంది పొర లేయదు’ అను. నలుగురూ ఇనేటట్ల.”

“అనేది నేను కాదు. తల్లి.”

“ఎవరైతే ఏమక్కా. ఫోటోలో గొంతు పడదు గదా.”

హనుమంతమ్మ చీర వైపు చూడలేదు. “మీ ఇంట్ల దీన్ని తాగుతారా ఓబులేసు?”

“మా ఇంట్ల కష్టం చేసేటోళ్లు లేరక్కా,” అన్నాడు వాడు, ఏ మాత్రం తడుముకోకుండా.

ఆమె లేచి చీర మీద సీసా పెట్టి, రెండూ కలిపి గడప బయట మట్టిలో పెట్టింది. విసరలేదు. వాడు వంగి ఏరుకోవాల్సి వచ్చింది.

ఆ మూడు రోజులు ఆమె ఒంటిపూట తిన్నది. పొద్దున, సాయంత్రం తల్లి రాయి దగ్గర కూర్చుంది. ఆమెకు మొక్కుకోవడం తెలుసు, అడగడం తెలియదు. అడగడం నేర్చుకుంది. ఒక్క మాట చాలు తల్లీ. వద్దని ఒక్క మాట. ఆ మనిషి చేతులు చూడు. పద్నాలుగేండ్లు నా ఒళ్లు నీకిస్తి. ఒక్క మాట నాకియ్యి. వెండి కళ్లు ఎప్పటిలాగే మెరిశాయి.

మంగళవారం పొద్దు నడినెత్తికి రాకముందే జనం కొత్త పొర దగ్గర చేరారు. డప్పులు మొదలయ్యాయి. రాయి ముందర వేపమండలు, నిమ్మకాయలు, పన్నెండు ఏనుగు సీసాలు వరుసగా. ఓబులేసు వాటి కాగితాలు ముందుకు కనబడేలా తిప్పి పెట్టాడు. ఫోటో పట్టేవాడు మూడు కాళ్ల పెట్టె నిలిపి నల్లగుడ్డ సర్దుకుంటున్నాడు. హనుమంతమ్మ తడిబట్టతో, విరబోసిన జుట్టుతో రాయికి ఎదురుగా నిలబడింది.

డప్పులు పెరిగాయి. ఆమె అరికాళ్ల వైపు మనసు పెట్టింది. బండ ఎండకు కాగి ఉంది. అరికాళ్లు మాడుతున్నాయి. చల్లబడడం లేదు.

ఎప్పుడూ ఇంతసేపు పట్టలేదు. ఆమెకు అన్నీ వినబడుతున్నాయి. హులిగెమ్మ బిడ్డను సముదాయిస్తున్న చప్పుడు, నరసన్న దగ్గు, దూరంగా స్టేషనులో రైలుకూత, ‘ఇంగా ఎంతసేపు’ అని ఫోటో పట్టేవాడు ఓబులేసును అడగడం. తల్లి వస్తే ఇవేవీ వినబడకూడదు. శివన్న సుత్తి పట్టుకుని చీల దగ్గర నిలబడ్డాడు. పొద్దున సీసా పడలేదు, సాక పోసిందాకా తాగకూడదు. సుత్తి తల నేలకు తగిలి టకటకమని చిన్నగా కొట్టుకుంటోంది. ఆ చప్పుడు కూడా ఆమెకు వినబడింది. డప్పుల మధ్యన అదొక్కటే వినబడింది.

తల్లి రాలేదు. రాదు. హనుమంతమ్మకు స్పష్టంగా తెలిసిపోయింది. మొదట భయం వేసింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. మూడు రోజులు అడిగితే ఒక్క మాట ఇవ్వలేని తల్లి, సీసా పోస్తే మాత్రం వచ్చి తాగి ఇంకా కావాలందా?

ఆమె తల విసిరింది. జుట్టు ముఖం మీద పడింది. గొంతు ఎక్కడినుంచో తెచ్చుకుని ఒక అరుపు అరిచింది. డప్పులు చిందరవందరగా ఆగాయి. జనం చేతులు జోడించారు. ఓబులేసు పరుగున వచ్చి మూత తీసిన సీసా ఆమె చేతిలో పెట్టి, ఫోటోవాడి వైపు సైగ చేశాడు.

ఆమె సీసాను బండ మీదికి వేసి కొట్టింది.

“ఏందిరా ఇది? నా నోట్లో ఏం పోస్తాండారు?”

పెద్ద ఈరన్న వంగిపోయాడు. “తల్లీ, నువ్వే మెచ్చితివి గదమ్మా.”

“మెచ్చిందెప్పుడురా. ఆకలితో ఉంటి, పోస్తిరి, తాగితి. నా పేరు జెప్పి మీరు కడుపులు కాల్చుకుంటిరి. పసిబిడ్డల నోట్లో పోస్తిరి. నాకు చుక్క, మీకు సీసానా? నేను కుక్కనా?”

ఆ మాటకు శివన్న తల ఎత్తాడు.

“కొర్రంబలి పొయ్యండి నాకు. మీరు తాగేదే నాకు పొయ్యండి. ఈ ఏనుగు ఇంగ ఈ గట్టు ఎక్కిందో, మీ బండ ఒగటి గూడా లేయనియ్య.”

ఓబులేసు ముఖంలో నవ్వు ఇంకా ఉంది, కానీ పళ్లు బిగించి నిలబెట్టుకున్న నవ్వు అది. మేస్త్రీ చెవి దగ్గరికి పోయి, అయినా అందరికీ వినబడేటట్టు అన్నాడు. “కర్పూరం పెట్టలేదు గదా ఈరన్నా. ఆచారమంటే ఆచారం.”

ఈరన్న ఒక బిళ్ల తీశాడు. ఓబులేసు తన కోటు జేబులోంచి పొట్లం తీసి ఇంకో రెండు బిళ్లలు కలిపాడు. “తల్లికి ఒగటైతే ఏం, మూడైతే ఏం,” అన్నాడు.

హనుమంతమ్మ ఎడమ చెయ్యి చాపింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు విన్నది. ముందు వెచ్చగా ఉంది. తర్వాత ఆ వేడి ఒక మేకులా అరచేతిలోకి దిగడం మొదలుపెట్టింది. చెయ్యి విదిలిస్తే అంతా నేలపాలు. మళ్లీ పొయ్యరు. ఆమె సుంకులమ్మను తలుచుకోలేదు. చిరిగిన దొప్పను తలుచుకుంది, వేళ్ల సందుల్లోంచి కారే గంజిని, చెట్టు కింద నోరు తెరుచుకుని చూస్తున్న అత్తను. అప్పుడు ఎన్ని అడుగులు నడిచిందో అన్ని అడుగులు మనసులో మళ్లీ నడిచింది. వాసన వచ్చింది. అది కర్పూరం వాసన ఒక్కటే కాదు. ఆ వాసన తనకే వస్తోందా, అందరికీ వస్తోందా అని ఆలోచించింది. కళ్లు ఓబులేసు మీదినుంచి తిప్పలేదు. వాడే ముందు కళ్లు దించాడు.

మంట ఆరాక ఆమె పిడికిలి మూసి పడిపోయింది. పడిపోవడం నటించాల్సిన పని లేకపోయింది.

తెలివి వచ్చేసరికి హులిగెమ్మ ఒళ్లో ఉంది. ఎవరి ఇంటినుంచో అంబలి కుండ వచ్చింది. రాయి మీద తెల్లగా కారుతోంది. శివన్న మొదటి చీల కొట్టాడు. పదకొండు సీసాలు ఓబులేసు పెట్టెలో సర్దుకుంటున్నాడు.

సాయంత్రం గుడిసెలో ఆమె కుడిచేత్తో ముంత కడుగుతుంటే శివన్న అడిగాడు.

“ఆ చెయ్యి తియ్యి.”

ఆమె తియ్యలేదు. వాడే కొంగు తప్పించి చూశాడు. అరచెయ్యి మధ్యలో మూడు బొబ్బలు ఒకటిగా కలిసి, మీద పసుపు. వాడు ఆ చేతిని చాలాసేపు పట్టుకున్నాడు. వాడి చేతుల వణుకు ఆమె చేతికి ఎక్కి మంట పెరిగింది. అయినా లాక్కోలేదు.

“తల్లి రాల్యా?”

“రాల్యా.”

“తల్లి పేరు మీద అబద్ధం చెప్పినావు.”

“చెప్పినా. పోయి మీ అన్నకు చెప్పు. రేపు పొద్దున మళ్లీ సీసా వస్తాది. నన్ను ఊరోళ్లు వెళ్లగొడతారు. నువ్వు తట్ట ఎత్తుకుంటావు. పో.”

శివన్న లేచి బయటికి పోయాడు. చీకటి పడేలోగా రాలేదు. వచ్చి పండుకున్నాడు. పొద్దున ఆమె కుండ దగ్గరికి పోయేసరికి వాడు అంబలి పోసుకుని తాగుతున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నా సగం గడ్డం మీద కారుతోంది.

ఓబులేసు ఆ పొద్దు బువ్వ వేళదాకా ఆగలేదు. పని మొదలవుతుండగానే గట్టుకు వచ్చాడు. హనుమంతమ్మ తట్ట నెత్తికెత్తుకుని వస్తోంది. ఎడమ చేతికి గుడ్డ చుట్టి తట్ట అంచు పట్టుకుంది.

“అక్కా, ఆ గుడ్డ విప్పు ఒగసారి. తల్లి వచ్చిన చెయ్యి కండ్లకద్దుకుంటా,” అన్నాడు. అందరూ పని ఆపి చూశారు. పెద్ద ఈరన్న కూడా దగ్గరికి వచ్చాడు. ఆమె తట్ట దించలేదు. దించితే చేతిని దాచడానికి చోటు లేదు.

శివన్న సుత్తి అక్కడ పెట్టి ఇద్దరి మధ్యకు వచ్చాడు. “చూపిస్తాదిలే. ముందు నీ చెయ్యి చాపు.”

“నాదేంటికి?”

“తల్లి వచ్చిన చేతిని ముట్టుకోవాలంటే, ముట్టుకునే చెయ్యి గూడా తల్లికి తెలియాల. నిన్న మూడు బిళ్లలు పెట్టినావు గదా. ఒగటి పెట్టుకో. ఒగటే. ఆరిందాకా పట్టుకో. తర్వాత ఆమె చెయ్యి కండ్లకద్దుకుంటావో, నెత్తిన పెట్టుకుంటావో నీ ఇష్టం.” గొంతులో వణుకు లేదు. చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి, వాటిని నడుం వెనక పెట్టుకున్నాడు.

నరసన్న మొలలో దోపుకున్న పొట్లంలోంచి కర్పూరం బిళ్ల తీశాడు. “నా దగ్గర ఉండాదప్పా,” అన్నాడు. “ఆసియా ఖండం మీద ఆన పెట్టి పట్టుకో ఓబులేసు.”

నవ్వు గని అడుగుదాకా పోయింది. ఓబులేసు కోటు గుండీలు పెట్టుకుని సైకిలు తిప్పాడు. ఆ వారంలోనే ఆ గట్టుకు రావడం మానేశాడు. మానేసి ఏం కొంప మునగలేదు వాడికి. అదే నీళ్లు, అదే సీసా, కాగితం మీద ఏనుగు బదులు పులిని అచ్చేయించి ఆదోని మిల్లుల పక్క అమ్ముకున్నాడు. అక్కడ సుంకులమ్మ లేదు, ఇంకెవరో ఉంటారు.

శివన్న చేతులు వెంటనే నిలవలేదు. చెప్పినట్టే పెద్ద ఈరన్న వాడి చేత తట్ట ఎత్తించాడు. నలభై రోజులు ఎత్తాడు. వాంతులు చేసుకున్నాడు, రెండుసార్లు గట్టు మీద పడిపోయాడు, పెళ్లాన్ని నానా మాటలన్నాడు. తట్ట ఎత్తిన మగవాడు మళ్లీ సుత్తి పట్టడం ఆ గనిలో వాడితోనే మొదలు. పాత చెయ్యి మాత్రం రాలేదు. పది బండలు లేపితే ఒకటి చీలుతుంది ఇప్పటికీ. రెడ్డి ఓర్చుకుంటున్నాడు.

సుంకులమ్మ హనుమంతమ్మ మీదికి మళ్లీ రాలేదు. ప్రతి ఏడూ పొర దగ్గర తడిబట్టతో నిలబడి అరికాళ్లు చల్లబడతాయేమోనని చూస్తుంది. మొదట్లో దిగులుగా చూసేది. ఇప్పుడు దిగులు లేదు. కాసేపు చూసి, తనే తల విసిరి, తనే అరుస్తుంది. కొర్రంబలి అడుగుతుంది. పసిబిడ్డలకు ఏం పోస్తున్నారని తల్లుల పేర్లు పెట్టి గద్దిస్తుంది. పోయిన ఏడు, ఎవరూ అడగకపోయినా, మేస్త్రీ కూలోళ్లను తిట్టకూడదని కూడా చెప్పింది. పెద్ద ఈరన్న చేతులు కట్టుకుని ఒప్పుకున్నాడు.

కర్పూరం మాత్రం తప్పదు. ఎడమ అరచేతిలో పాత బొబ్బల చోట చర్మం తోలులా గట్టిపడింది. బిళ్ల సరిగ్గా దాని మీద పెట్టేటట్టు ఆమె చెయ్యి చాపుతుంది. ఇప్పుడు అంత మంట లేదు. బొబ్బా రాదు. జనం దగ్గరికి వచ్చి ఆ చెయ్యి చూసి దండం పెడతారు. శివన్న కూడా పెడతాడు, అందరికంటే వెనక నిలబడి.